గండికోటలో టెంటు వద్దు, ఊరి గైడ్‌ని తీసుకోండి

ముందే చెప్పేస్తా. గండికోటకు పోతున్నవాళ్ళు టెంటు మీద పెట్టే డబ్బులో కొంత మిగుల్చుకొని, ఆ ఊరి మనిషినే ఒకరిని గైడ్‌గా ఒక పూట వెంటబెట్టుకోండి. మేం రెండూ తీసుకున్నాం, రాత్రికి టెంటు, పొద్దున్నే కోట చూపించడానికి గైడ్. మొదటిది ఇంకోసారి ఊరికే ఇస్తామన్నా నాకొద్దు. రెండోదానికి అడిగినదాని కంటే ఎక్కువే ఇచ్చాం, అయినా ఆ మనిషికి ఇంకా బాకీ ఉన్నట్టే అనిపిస్తా ఉంది. టెంటు సంగతి తొందరగా ముగిస్తా, చెప్పాల్సిందంతా కోటలోనే ఉంది.

మాది ప్రొద్దుటూరు. నాకు సిమెంటు, ఇనుము కొట్టుంది. మా నాయన నలభై ఏళ్ళు మేస్త్రీ పని చేసి, మోకాళ్ళ నొప్పులొచ్చాక మానుకున్నాడు. జమ్మలమడుగు మాకు పక్క ఊరు లాంటిది, అక్కడినుంచి గండికోట 15 కిలోమీటర్లు. ఇంత దగ్గరలో ఉండి కూడా మేం ఆ కోటను సరిగ్గా చూడలేదు. కాలేజీలో ఉన్నప్పుడు నలుగురం రెండు బైకుల మీద పోయి, నేరుగా లోయ దగ్గరికి నడిచి, ఫోటోలు దిగి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చేశాం. దారిలో గుడి ఉందని, మసీదు ఉందని తెలుసు, లోపలికి తొంగి కూడా చూడలేదు. మొన్న డిసెంబర్లో నాయనే అడిగాడు, ‘యాడాడి నుంచో వచ్చి చూస్తా ఉండారంట గదరా, మనం ఒకసారి పోదాం’ అని. ఆయన నోరు తెరిచి ఒకటి అడగడం అరుదు. ఆ రాత్రే బుక్ చేశా.

టెంటు గురించి. ఆన్‌లైన్లో ఫోటో చూస్తే టెంటు తలుపు తీయగానే ఎదురుగా లోయ, కింద పెన్న. తీరా పోతే టెంట్లు రోడ్డు పక్కన చేనులో వేశారు, లోయ అక్కడికి చాలా దూరం. సంగటి, నాటుకోడి పులుసు అని రాసి, పెట్టింది ఫ్రైడ్ రైస్. సరే, తిండి సర్దుకుంటాం. సర్దుకోలేనిది డీజే. అర్ధరాత్రి దాటిందాకా ఆ చప్పుడు, నేల అదురుతా ఉంది. నాయన రెండుసార్లు లేచి బయట కూర్చున్నాడు. పోయి అడిగితే ‘వీకెండ్ అన్నా, అందరూ ఎంజాయ్ చేయడానికే వస్తారు’ అన్నారు. బాత్రూమ్ ఇరవై టెంట్లకు రెండు, ఒకదాంట్లో నీళ్ళు రాలేదు. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇలాంటివి అక్కడ ఒకటి కాదు. పెద్దవాళ్ళతో, చిన్నపిల్లలతో పోయేవాళ్ళు జమ్మలమడుగులోనో ప్రొద్దుటూరులోనో లాడ్జి తీసుకొని, తెల్లవారకముందే బయల్దేరి పోవడం ఎంతో మేలు. సూర్యోదయం ఎట్లాగూ అందుతుంది.

ఇక గైడ్. ముందు రోజు సాయంత్రం కోట వాకిలి దగ్గర టీ తాగుతూ, లోపల చూపించడానికి ఎవరైనా ఉన్నారా అని అడిగితే, టీ పోస్తున్న ఆవిడ ఒకాయన్ని పిలిపించింది. యాభై దాటి ఉంటాయి. ఆయన ఇల్లు కోట లోపలే. చాలామందికి తెలియని సంగతి ఇది, గండికోట అంటే ఖాళీ శిథిలం కాదు, గోడల లోపల ఇప్పటికీ ఊరుంది, గొర్రెలున్నాయి, వాకిట్లో ముగ్గులున్నాయి. ‘ఎంతసేపు చూస్తారు సార్? గంటలో చూపించేది ఒకటుంది, పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా చూపించేది ఒకటుంది’ అన్నాడు. రెండోది ఎంతని అడిగితే ఎనిమిది వందలన్నాడు. బేరం ఆడలేదు. ఆడి ఉంటే తర్వాత సిగ్గుపడేవాణ్ణి.

పొద్దున ఆరింటికి పెద్ద వాకిలి ముందు మొదలుపెట్టాడు. లోపలికి తీసుకుపోలేదు, పావుగంట బయటే నిలబెట్టాడు. ‘మీరు దాడికి వచ్చినారనుకోండి. యాడినుంచి వస్తారు?’ అని అడిగాడు. చూస్తే నిజంగానే ఇంకో దారి లేదు. అవతల వైపు పెన్న ఎర్రమల కొండల్ని చీల్చుకొని పారుతోంది, ఆ చీలికనే మనవాళ్ళు గండి అన్నారు, గండి పక్కన కోట కాబట్టి గండికోట. ఆ గండి లోతు మూడు వందల అడుగుల దాకా ఉంటుంది. అంత కందకం తవ్వాలంటే ఏ రాజు వల్లా కాదు, నదే తవ్వి పెట్టింది. మిగిలింది ఈ పక్క, ఇటువైపు గోడ. వాకిలి తలుపు చెక్కది, దాని మీద ఇనుప రేకులు, రేకుల మీద మొనలు తేలిన మేకులు, ఏనుగు వచ్చి తలతో గుద్దకుండా. తలుపు దాటగానే దారి తిన్నగా పోదు, మలుపు తిరుగుతుంది. ఏనుగుకైనా మనిషికైనా పరుగెత్తి వచ్చే ఊపు ఆ మలుపులో చచ్చిపోతుంది, పైనుంచి చూసేవాడికి కింద వాళ్ళంతా దొరికిపోతారు. బైకుల మీద వచ్చిన రోజు నేను ఇదే మలుపులో హారన్ కొట్టుకుంటా పోయాను, ఎందుకు వంకర ఉందో ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

నాయన అప్పటికే గోడ దగ్గరికి పోయి చేత్తో తడుముతున్నాడు. ఎర్రటి ఇసుకరాయి. గోడ ఎత్తు 10 నుంచి 13 మీటర్ల దాకా ఉంటుంది, పైన ఐదు మీటర్ల వెడల్పున కాపలా తిరిగేందుకు చోటు, కోట చుట్టుకొలత ఐదు మైళ్ళు. ఇవన్నీ గైడ్ చెప్తున్నాడు, నాయన వినడం లేదు. బొటనవేలి గోరు రెండు రాళ్ళ మధ్య సందులో పెట్టి చూస్తున్నాడు. గోరు పోలేదు. ఇంకో చోట పెట్టాడు. పోలేదు. ‘ఇట్ల కూర్చోబెట్టాలంటే ఒక్కో రాయిని ఎన్నిసార్లు ఎత్తి దించినారో’ అన్నాడు. తర్వాత గైడ్‌ని అడిగాడు, ‘ఏమబ్బీ, దీనికి పునాది ఎంత లోతు తీసినారు?’ అని. ఆయన ‘పునాదేంది పెద్దాయనా, కొండే పునాది’ అని, గోడ కింద వరస రాళ్ళు ఎక్కడ ఆగిపోయి సహజమైన బండ ఎక్కడ మొదలవుతుందో వంగి చూపించాడు. ఇద్దరూ అక్కడే గొంతుకు కూర్చొని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆ పూట గైడ్‌కి నాయన, నాయనకి గైడ్ దొరికారు, నేను వాళ్ళ వెనకాల నడిచానంతే.

రాయి గురించి ఆయన చూపించింది ఇంకొకటి చెప్పాలి. ఒక పక్క పడి ఉన్న పెద్ద బండ అంచు వెంబడి వరసగా చిన్న చిన్న గుంటలున్నాయి, బెత్తెడు బెత్తెడు దూరంలో, గీత గీసినట్టు. నేనైతే ఏదో చెక్కడం అనుకునేవాణ్ణి. రాయి పగలగొట్టే పద్ధతి అది. గీత వెంబడి ఉలితో గుంటలు తీసి, వాటిలో చీలలు దింపి, వరసగా సమ్మెటతో కొట్టుకుంటా పోతే ఒక దెబ్బకు బండ ఆ గీత మీదే విచ్చుకుంటుంది. నాయన ఆ గుంటల్లో వేళ్ళు పెట్టి ‘ఇది పగలకుండా వదిలేసిన రాయి’ అన్నాడు. ఎవరో ఒకరోజు గుంటలు తీసి, ఏ కారణం చేతనో ఆపేసి పోయాడు, ఆ గుంటలు అట్లే ఉన్నాయి. నాకు ఆ కోట మొత్తంలో రాజుల కంటే ఆ మనిషి ఎక్కువ గుర్తుండిపోయాడు.

చరిత్ర చెప్పడంలో కూడా ఈయన నాకు నచ్చాడు. రాసుకున్నది, చెప్పుకునేది రెండూ కలిపేయడు. ‘ఇది కైఫీయత్తులో ఉండేది’, ‘ఇది మా ఊళ్ళో చెప్పుకునేది’ అని విడదీసి చెప్తాడు. కైఫీయత్తు అంటే ఊళ్ళ చరిత్ర రాసిపెట్టిన పాత రికార్డు. దాని లెక్క ప్రకారం 1123లో, కల్యాణి చాళుక్యుల కింద పనిచేసిన కాకరాజు అనే ఆయన ఇక్కడ మొదట కోట కట్టించాడు. అప్పటిది మట్టికోట అంటారు. మనం ఇప్పుడు చూసే రాతికోట వైభవమంతా పెమ్మసాని నాయకుల కాలానిది. వీళ్ళు విజయనగర రాజులకు సామంతులు, కృష్ణదేవరాయల సేనలో పెమ్మసాని రామలింగనాయుడి పేరు రాయలసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1565లో రాక్షసి తంగడి యుద్ధంతో విజయనగరం కూలిపోయి, రాజధాని మన పెనుకొండకు మారాక కూడా ఈ కోట నాయకులు రాయల పక్షాన్నే ఉన్నారు. పెనుకొండ, చంద్రగిరి, గండికోట, ఈ మూడింటినీ ఒక వరసలో పెట్టి చూస్తేనే ఆ నూరేళ్ళు అర్థమవుతాయని గైడ్ అన్నాడు. హంపితో కథ అయిపోయిందని మనం బళ్ళో చదువుకున్నాం. అయిపోలేదు, ఇంకో ఎనభై ఏళ్ళకు పైగా ఈ కొండల్లోనే లాక్కొచ్చారు.

ఊరు దాటి మాధవరాయస్వామి గుడికి పోయాం. దూరం నుంచే గోపురం కనిపిస్తుంది. లోపల స్తంభాల మండపాలు, చెక్కడాలు విజయనగర పద్ధతి, లేపాక్షి చూసినవాళ్ళకు వెంటనే గుర్తుపట్టేలా ఉంటాయి. గర్భగుడి ఖాళీ. పూజ లేదు, దీపం లేదు. నాయన చెప్పులు మాత్రం బయటే విడిచాడు. గైడ్ కూడా. నేను కూడా విడిచి లోపలికి పోయా, రాయి పాదాలకు చల్లగా తగిలింది. దేవుడు లేని గుళ్ళో ఏముంటుందిలే అని చాలామంది బయటినుంచే ఫోటో తీసుకొని పోతున్నారు, మా కళ్ళముందే రెండు గుంపులు అట్లే పోయాయి. లోపల మండపంలో పది నిమిషాలు ఊరికే కూర్చోండి. ఎండ స్తంభాల మధ్య నుంచి వచ్చి నేల మీద పడి మెల్లగా జరుగుతా ఉంటుంది, ఆ వెలుతురులో చెక్కిన ప్రతి బొమ్మా ఒక్కొక్కటిగా బయటికొస్తుంది. మధ్యాహ్నం పోతే ఇది కనిపించదు, నడినెత్తిన ఎండలో అన్నీ ఒకే రంగు.

అక్కడినుంచి పావురాల గోపురం. చిన్న కట్టడమే, కానీ జల్లెడ లాంటి కిటికీల పని చూసుకోండి. ఆ తర్వాత జుమ్మా మసీదు. రెండు మినార్లు, విశాలమైన ప్రాంగణం, దాని చుట్టూ కమానుల వరస. పక్కనే కోనేరు, దానికి కత్తుల కోనేరని పేరు. యుద్ధం నుంచి వచ్చినవాళ్ళు నెత్తురు కత్తులు ఇక్కడ కడిగారని ఊళ్ళో చెప్పుకుంటారు. ‘ఇది చెప్పుకునేది’ అని గైడ్ నవ్వకుండా చెప్పాడు.

మసీదు మెట్ల మీద కూర్చోబెట్టి మీర్ జుమ్లా కథ చెప్పాడు, ఈ పూటకు ఇదే ప్రాణం. పర్షియా నుంచి వచ్చిన మనిషి, వజ్రాల వ్యాపారం చేసి, గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా దగ్గర మంత్రి దాకా ఎదిగాడు. గండికోటను ఆయనే పట్టుకున్నాడు. ఈ కొండ మీదికి ఫిరంగులు ఎక్కించి వాకిలిని కొట్టించాడు, ఆయన దగ్గర యూరప్ నుంచి వచ్చిన ఫిరంగుల పనివాళ్ళు ఉండేవాళ్ళు. కోట చేతికొచ్చాక, 1652లో, టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి ఆయన్ని వెతుక్కుంటా ఇక్కడికి వచ్చాడు. గోల్కొండ సుల్తానుకు అమ్మడానికి ముత్యాలు తెచ్చాడు, కానీ ముందు మీర్ జుమ్లాకు చూపించాలి, అది లేకుండా పని జరగదు. టావెర్నియే రాసిపెట్టిన దాంట్లో గండికోట కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. కొండకొనన ఊరు, పైకి పోవడానికి ఒక్కటే దారి, ఆ దారి కొన్ని చోట్ల ఏడెనిమిది అడుగుల వెడల్పే, ఒక పక్క పాతాళం లాంటి లోయ, దాని అడుగున పెద్ద నది. పైన చిన్న మైదానం, అందులో వరి, చిరుధాన్యాలు పండుతున్నాయి, ఊటల నీళ్ళు పారుతున్నాయి. ఆ మాటలు విని తలెత్తి చూస్తే ఎదురుగా అదే మైదానం, దాంట్లో ఒకాయన గొర్రెలు తోలుకొని పోతున్నాడు.

టావెర్నియే రాసిన ఇంకో సంగతి నాయన ఇంటికొచ్చి అమ్మకు, ఇరుగుపొరుగుకు, మా కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్తున్నాడు. మీర్ జుమ్లా డేరాలో కింద కూర్చొని పని చూసేటప్పుడు, కాలివేళ్ళ సందుల్లో ఉత్తరాలు పెట్టుకునేవాడంట. ఎడమచేతి వేళ్ళ మధ్య కూడా ఉత్తరాలే. ఒకసారి కాలి నుంచి, ఒకసారి చేతి నుంచి ఒక్కొక్కటి లాగి, చదివించి, జవాబు చెప్పి రాయించేవాడు. ఇంత పెద్ద కోటను గెలిచిన మనిషి చెప్పుల్లేని కాళ్ళతో, వేళ్ళ సందున కాగితాలతో కూర్చున్నాడని అనుకోగానే, ఆ మూడున్నర శతాబ్దాలు ఒక్కసారిగా దగ్గరికొచ్చేశాయి నాకు. ఫిరంగుల కథ కూడా ఉంది. ఫిరంగులు పోత పోయడానికి గుళ్ళలోని లోహ విగ్రహాలు పోగుచేయించాడు. మేయే అనే ఫ్రెంచి పనివాడు వాటిని కరిగించాడు, కానీ గండికోట గుడి నుంచి తెచ్చిన ఆరు విగ్రహాలు మాత్రం ఎంత చేసినా కరగలేదని, చివరికి ఒక్క ఫిరంగీ తయారవలేదని టావెర్నియే రాశాడు. ఎందుకు కరగలేదో ఎవరికి తోచింది వాళ్ళు అనుకోవచ్చు. ఖాళీ గర్భగుడి చూసి వచ్చి ఈ మాట వింటే మనసు ఒకరకంగా అయిపోతుంది. కోట లోపలి మంత్రే ద్రోహం చేసి ఆఖరి నాయకుడికి విషం పెట్టించాడని ఊళ్ళో ఒక కథ ఉంది, అది కూడా చెప్పాడు, చెప్పుకునేదే అంటూ.

తర్వాతి చరిత్ర గబగబా చెప్పేశాడు. మొగలాయీలు, కడప నవాబులు, మైసూరు వాళ్ళు, 1800లో నిజాం ఈ జిల్లాలన్నీ కుంఫిణీకి, అంటే ఈస్టిండియా కంపెనీకి, రాసిచ్చేయడం, మన్రో దొర కలెక్టరుగా రావడం. అప్పటికి కోటలతో పనిలేని కాలం వచ్చేసింది. నేను కూడా ఇక్కడ ఆగను.

ఆగాల్సింది ధాన్యాగారం దగ్గర. నా మాట విని, అన్నిటికంటే ఎక్కువసేపు ఇక్కడ గడపండి. బయటికి మొద్దు గోడల కట్టడం లాగా ఉంటుంది, లోపలికి పోతే పైన కప్పు కమానుగా వంగి పోతుంది. దూలం లేదు, ఇనుము లేదు. నేను రోజూ ఇనుప కడ్డీలు అమ్మేవాణ్ణి, స్లాబు అంటే కడ్డీ లేకుండా నా బుర్రకు తోచదు. నాయన మధ్యలో నిలబడి రెండు చేతులూ తల మీద కమానులాగా కలిపి చూపించాడు. ‘చూడు, బరువు కిందికి రాదు, పక్కలకు పోతాది. అందుకే పక్క గోడలు ఇంత లావు పెట్టినారు. కప్పును మోసేది కప్పు కాదురా, గోడ.’ కొట్టులో పదేళ్ళుగా కూర్చుంటున్నా నాకు ఎవరూ ఇంత సులువుగా చెప్పలేదు. లోపల బయటికంటే బాగా చల్లగా ఉంది, గబ్బిలాల వాసన ఉంది, మాట్లాడితే గొంతు చుట్టూ తిరిగి వెనక నుంచి వినిపిస్తుంది. కొండ మీద నీళ్ళున్నాయి, పొలముంది, ఇంత గాదె ఉంది. కింద శత్రువు నెలల తరబడి కూర్చున్నా పైనున్నవాళ్ళకు ఆకలి లేదు. కోట బలం గోడలో ఎంత ఉందో ఈ గాదెలో అంత ఉంది.

అక్కడే గోడ మీద గచ్చు ఒకచోట పెళ్ళ ఊడి ఉంది. నాయన ఆ అంచును వేలితో రుద్ది, వేలు నా ముఖం ముందు పెట్టాడు. మెత్తటి తెల్ల పొడి, మధ్యలో సన్నటి ఇసుక రేణువులు. గానుగలో రుబ్బిన సున్నం. ఆయన చిన్నప్పుడు వాళ్ళ మేస్త్రీ దగ్గర ఎద్దుల గానుగ తిప్పి సున్నం రుబ్బడం చూశాడంట, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసి రోజుల తరబడి మాగబెట్టేవాళ్ళు. సిమెంటు వచ్చాక ఆ పని పోయింది. ‘సున్నం ఊపిరి పీలుస్తాది. తడి వస్తే లోపలికి తీసుకుంటాది, ఎండకు వదిలేస్తాది. దీని మీద సిమెంటు మెత్తినావంటే తడి లోపలే ఉండిపోయి రాయిని తినేస్తాది’ అన్నాడు. ఇట్లాంటి పాత కట్టడాల మరమ్మతు సున్నంతోనే చేయాలనేది ఇందుకే, ఈ మాట సిమెంటు అమ్ముకొని బతికే నేను రాస్తున్నా. ఆ ఊడిన గచ్చు పక్కనే, బాగున్న గచ్చు మీద, ఎవరో తాళంచెవితో గుండె బొమ్మ గీసి రెండు పేర్లు రాశారు. ఒకటి కాదు, చెయ్యి అందినంత మేరా పేర్లే. నాయన ఆ గీతల మీద వేలు పెట్టి ‘దీన్ని నున్నగా రుద్దడానికి ఒకడు ఎన్ని దినాలు కూర్చున్నాడో’ అని మాత్రం అన్నాడు. దయచేసి, మీరు పోతే ఆ పని చేయొద్దు, మీ పిల్లల్ని చేయనియ్యొద్దు.

రంగనాథస్వామి గుడి చూసుకొని చివరికి లోయ దగ్గరికి పోయాం. అందరూ మొదట పోయేది అక్కడికే, మేం ఆఖర్న పోయాం, అదే సరైన వరస అని ఇప్పుడు గట్టిగా చెప్తా. ఎందుకంటే అప్పటికి కళ్ళు మారిపోయి ఉంటాయి. ఎర్రబండలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు పొరలు పొరలుగా, కింద పచ్చగా నీళ్ళు. కాలేజీ రోజుల్లో నాకది మంచి బ్యాక్‌గ్రౌండు. ఈసారి నాయన చూసి ‘వరసలు తప్పకుండా కట్టినట్టుందే’ అన్నాడు. నిజంగానే గోడ కట్టుబడి లాగానే ఉంది, కోటగోడా ఈ లోయగోడా ఒకే మనిషి కట్టినట్టు. భూగర్భశాస్త్రం వాళ్ళు ఈ రాతికి గండికోట క్వార్ట్‌జైట్ అనే పేరు పెట్టారు, మన ఊరి పేరే. ఇసుక గట్టిపడి అయిన రాయి, వంద కోట్ల సంవత్సరాల కంటే చాలా పాతది. మన ఇళ్ళల్లో పరుచుకునే కడప బండ కూడా ఈ చుట్టుపక్కల నేలలోదే, కానీ అది సున్నపురాయి, వేరే జాతి. ఆ తేడా గైడ్ చెప్తుంటే నాయన మధ్యలో అందుకొని, ఏది ఉలికి ఎట్లా పలుకుతుందో చెప్పాడు. ఒకటి ‘టంగు’మంటుందంట, ఇంకోటి ‘టప్పు’మంటుందంట.

ఒక జాగ్రత్త. లోయ అంచున మేం కూర్చున్న చోట కంచె లేదు. బండలు ఎగుడుదిగుడు, కొన్నిచోట్ల నున్నగా జారుడు. లేచేటప్పుడు నాయన కాలు ఒక్క జానెడు జారింది. గైడ్ ఆయన కంటే ముందే చెయ్యి పట్టేసుకున్నాడు, అప్పటిదాకా ఆయన కావాలనే నాయనకు లోయవైపు నిలబడి నడుస్తున్నాడని నేను గమనించనే లేదు. ఆ ఒక్కదానికే ఆయన అడిగిన ఎనిమిది వందలు చెల్లు. బూట్లు వేసుకొని పోండి, చిన్నపిల్లల చెయ్యి వదలొద్దు, సెల్ఫీ కోసం అంచుకు పోయి వెనక్కి నడవద్దు. తాగిపడేసిన సీసాల గాజు ముక్కలు కూడా ఆ బండల సందుల్లో ఉన్నాయి, మేం లేచే ముందు గైడ్ నాలుగు ఏరి సంచిలో వేసుకున్నాడు. రోజూ ఏరతాడంట.

తిండికి కూడా ఆయన్నే అడిగాం. ఊళ్ళో ఒక ఇంట్లో ముందుగా చెప్తే వండిపెడతారు. జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరుబిండి, వంకాయ పులగూర, మజ్జిగ. అరుగు మీద కూర్చోబెట్టి వేడివేడిగా ఒక్కో రొట్టె తెచ్చి వేశారు. ఊరుబిండి రోట్లో నూరింది, నాలుక మీద పలుకు తగులుతుంది, కారం మాత్రం గట్టిగానే ఉంది, అలవాటు లేనివాళ్ళు మజ్జిగ దగ్గర పెట్టుకోండి. మనిషికి నూట ఇరవై తీసుకున్నారు. రాత్రి టెంటులో ఇద్దరి తిండికి వేసినదాంట్లో ఇది సగం కూడా లేదు.

లోపాలు చెప్పకపోతే రివ్యూ కాదు కాబట్టి, గైడ్ విషయంలో రెండు. ఒకటి, ముందుగా బుక్ చేసుకునే ఏర్పాటు ఏమీ లేదు, వాకిలి దగ్గర అడిగి కనుక్కోవాలి, ఆదివారం అయితే ఆయన దొరకకపోవచ్చు. రెండు, ఆయన ఒకచోట మొదలుపెడితే ఆపడు, తొందరలో ఉన్నవాళ్ళకు, చిన్నపిల్లలతో వచ్చినవాళ్ళకు అంతసేపు నడవడం కష్టం, వాళ్ళు గంట నడకే అడగడం మంచిది. నడక మొత్తం ఎండలోనే, నీడ తక్కువ. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా పోండి, మార్చి దాటాక మన ఎండ సంగతి తెలిసిందే. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు మోసుకోండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు రావచ్చు, నాయన మధ్యమధ్యలో కూర్చుంటూ మొత్తం తిరిగాడు, కానీ లోయ దగ్గర బండలెక్కే చోట తోడుండాలి.

బస్సులో వచ్చేవాళ్ళు జమ్మలమడుగు చేరుకుంటే అక్కడినుంచి ఆటో మాట్లాడుకోవచ్చు. తిరుగు ప్రయాణానికి కూడా అదే ఆటోను అప్పుడే ఖాయం చేసుకోండి, సాయంత్రం పైన దొరకదు. కడప నుంచి కారులో రెండు గంటల ప్రయాణం. ఒకేరోజు బెలూం గుహలు కూడా కలిపి చూడాలనుకుంటారు చాలామంది. కలపొద్దు, రెండూ సగం సగం అవుతాయి.

మేం వచ్చేటప్పుడు గైడ్‌కి వెయ్యి ఇస్తే రెండు వందలు వెనక్కి ఇవ్వబోయాడు, నాయన తీసుకోనివ్వలేదు. ఇద్దరూ నంబర్లు రాసుకున్నారు. సంక్రాంతి అయినాక మళ్ళీ పోతున్నాం, ధాన్యాగారం పక్క గోడ లావు ఎంతో, కప్పు వంపు ఎంతో కొలుచుకోవాలని నాయన నిన్న కొట్టుకొచ్చి ముప్పై మీటర్ల టేపు ఒకటి తీసి పక్కన పెట్టుకున్నాడు.